డొక్కలో వాపు సరే, తిన్నాక వచ్చే ఆయాసం సంగతేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. మా ఆయనకు 41 ఏళ్లు, నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పని. పోయిన దసరా అయ్యాక ఒక రాత్రి ప్రొద్దుటూరు నుంచి బైకు మీద వస్తుంటే కుక్క అడ్డం వచ్చి పడిపోయారు. హ్యాండిల్ చివర ఎడమ డొక్కలో గట్టిగా పొడుచుకుంది. రక్తం రాలేదు, చర్మం కూడా తెగలేదు, రూపాయి బిళ్లంత గుండ్రంగా కమిలిందంతే. ఆసుపత్రిలో ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ తీసి, ఒక రోజు ఉంచుకుని, ఏమీ లేదని పంపించేశారు. రెండు నెలలకు అదే చోట నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. ఇప్పుడు బత్తాయంత అయింది. దగ్గితే, బండలు ఎత్తితే బయటికి వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. ఒక డాక్టర్ కొవ్వు గడ్డ అన్నారు. ఇంకొకరు హెర్నియా అని చెప్పి, పైపైన స్కానింగ్ చూసి, గొట్టాలతో చేసే ఆపరేషన్‌కు వచ్చే వారం తేదీ ఇచ్చారు. మా అత్తగారు పసరు కట్టు వేయించి బెల్టు పెట్టుకుంటే చాలంటారు. మా మరిది బెంగళూరుకే పోవాలంటాడు. హెర్నియా బరువులెత్తితే కదా వచ్చేది, దెబ్బ తగిలితే కూడా వస్తుందా? మెష్ (వల) వేస్తే తర్వాత ఇబ్బందులు వస్తాయంటారు, నిజమేనా? ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఫ్యాక్టరీ పనికి పోగలరా? ఇంకో విషయం, ఈ మధ్య కడుపు నిండా తింటే ఆయాసం వస్తోంది, ఎడమ భుజం లాగుతోందంటున్నారు. గ్యాస్ మాత్రలు వాడుతున్నాం.

జవాబు: అమ్మా, మీరు అడిగినవన్నీ చెబుతాను. కానీ మీరు చివర్లో ‘ఇంకో విషయం’ అంటూ ఒక వాక్యం రాశారే, మొదలుపెట్టాల్సింది అక్కడే. డొక్కలో ఉబ్బు కంటికి కనిపిస్తోంది కాబట్టి ఇంటిల్లిపాదీ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు దిగులు పుట్టించింది మాత్రం ఆ ఆయాసం. పొట్ట మీద అంత గట్టి దెబ్బ తిన్న మనిషికి, నెలలు గడిచాక, తిన్న ప్రతిసారీ ఊపిరి ఆడక ఎడమ భుజం లాగుతుంటే అది గ్యాస్ అని తీర్మానించుకునే ముందు ఒకటి తేల్చుకోవాలి. డయాఫ్రమ్ చిరిగిందా లేదా?

డయాఫ్రమ్ అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరం. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదివి ఉంటారు. మనం ఊపిరి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగుతుంది. పొట్ట మీద ఒక్కసారిగా పెద్ద ఒత్తిడి పడితే లోపలి అవయవాలన్నీ పైకి తోసుకువస్తాయి, ఆ తోపుకు డయాఫ్రమ్ చీలిపోవచ్చు. కుడివైపు కాలేయం అడ్డుగా ఉంటుంది కనుక దెబ్బ తట్టుకుంటుంది. అందుకే ఎక్కువ కేసుల్లో చిరిగేది ఎడమవైపే. మీ ఆయనకు దెబ్బ తగిలిందీ ఎడమవైపే.

ఈ చిరుగుతో వచ్చిన చిక్కేమిటంటే అది తనంతట తాను మానదు. ఛాతీ లోపల ఎప్పుడూ కాస్త పీల్చుకునే గుణం ఉంటుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ కడుపులోని మెత్తటి అవయవాలను, అంటే జీర్ణాశయాన్ని, పెద్దపేగును, వాటిని కప్పి ఉండే కొవ్వు పొరను, కొంచెం కొంచెంగా పైకి లాక్కుంటుంది. మొదట్లో కొవ్వు మాత్రమే దూరి కన్నాన్ని మూసినట్టుగా ఉండిపోవచ్చు. అప్పుడు మనిషికి ఏ బాధా తెలియదు, నెలలూ కొన్నిసార్లు ఏళ్లూ గడిచిపోతాయి. తర్వాత జీర్ణాశయం కొంత పైకి ఎక్కితే, తిన్నాక అది ఉబ్బి ఊపిరితిత్తిని నొక్కుతుంది. డయాఫ్రమ్‌కూ భుజానికీ నరాల సంబంధం ఉంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. ఛాతీలో పేగుల గుడగుడ వినిపిస్తుందని చెప్పే రోగులు కూడా ఉంటారు. ఆయన్ను ఒకసారి అడిగి చూడండి.

ఇదేమీ కొత్తగా కనుక్కున్న జబ్బు కాదు. ఆంబ్రోజ్ పారే అనే ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు 1579లోనే రాసిపెట్టాడు. తుపాకీ గుండు తగిలి బతికి బయటపడిన ఒక సైనికాధికారి ఎనిమిది నెలల తర్వాత కడుపునొప్పితో చనిపోయాడు. శవాన్ని కోసి చూస్తే డయాఫ్రమ్‌లో చిటికెన వేలి కొస పట్టేంత కన్నం, అందులో ఇరుక్కుని కుళ్లిపోయిన పెద్దపేగు. కన్నం చిన్నదైతే ప్రమాదం చిన్నదనుకుంటాం. పేగు దూరాక బయటికి రాలేక గొంతు పిసికినట్టయ్యేది చిన్న కన్నాల్లోనే.

అందుకని ముందు చేయాల్సింది చెబుతాను. వచ్చే వారం ఇచ్చిన ఆపరేషన్ తేదీని వాయిదా వేయించండి. ఆ డాక్టర్ మీద అనుమానంతో కాదు, నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి ఈ ఆయాసం సంగతి చెప్పి, ‘ఛాతీ, కడుపు కలిపి సీటీ స్కాన్ తీయించాకే చేద్దాం’ అనండి. నాకు తెలిసిన మంచి సర్జన్ ఎవరూ ఈ మాటకు కోపం తెచ్చుకోరు. గొట్టాలతో చేసే ఆపరేషన్‌లో (లాపరోస్కోపీ) పని చేయడానికి చోటు కోసం కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కిస్తారు. డయాఫ్రమ్‌లో తెలియని కన్నం ఉంటే ఆ గ్యాస్ నేరుగా ఛాతీలోకి పోయి ఊపిరితిత్తిని అణిచేస్తుంది. మత్తులో ఉన్న మనిషికి బీపీ పడిపోతుంది. కన్నం ఉందని ముందే తెలిస్తే మత్తు డాక్టర్ సిద్ధంగా ఉంటారు, ఛాతీలో ట్యూబు వేయడానికి ఏర్పాటు ఉంటుంది, ఆపరేషన్ పద్ధతే మార్చుకుంటారు. తెలియకపోతే టేబుల్ మీద కంగారు.

సీటీ ఎందుకు, స్కానింగ్ తీశారు కదా అంటారేమో. దెబ్బ తగిలిన రోజు తీసే అల్ట్రాసౌండ్‌లో వెతికేది ముఖ్యంగా లోపల రక్తం చేరిందా, ప్లీహం, కాలేయం పగిలాయా అని. పొట్ట గోడ కండరాల్లో చిరుగులూ, డయాఫ్రమ్‌లో కన్నాలూ దానికి సులువుగా దొరకవు. మొదటి రోజు ఛాతీ ఎక్స్‌రే కూడా మామూలుగా ఉండొచ్చు, ఎందుకంటే అప్పటికి ఏ అవయవమూ పైకి పోయి ఉండదు. కాబట్టి అప్పుడు ‘ఏమీ లేదు’ అన్నవాళ్లను తిట్టుకోకండి. ఆ మాట ఆ రోజుకు నిజమే కావచ్చు.

సీటీ రాసేటప్పుడు కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీయమంటారు, దానికి ముందు కిడ్నీల పనితీరు చూడటానికి క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. స్కాన్ చీటీలో ‘పాత దెబ్బ, డయాఫ్రమ్ హెర్నియా అనుమానం, ఎడమ డొక్క హెర్నియా’ అని స్పష్టంగా రాయించండి. ఏం వెతకాలో తెలిస్తే రేడియాలజిస్టు అడ్డకోత చిత్రాలతో ఆగకుండా నిలువుకోత చిత్రాల్లో కూడా డయాఫ్రమ్ అంచును వెంట పట్టుకుని చూస్తారు. ఊరికే ‘కడుపు నొప్పి’ అని రాస్తే చూపు వేరే చోటికి పోతుంది. మీకు దగ్గర్లో కడప రిమ్స్ ఉంది, అక్కడే మొదలుపెట్టండి. డయాఫ్రమ్ సమస్య తేలితే కర్నూలు పెద్దాసుపత్రికో, గుండె, ఛాతీ సర్జన్లు ఉండే తిరుపతి స్విమ్స్‌కో పంపిస్తారు. మీ మరిది చెప్పిన బెంగళూరు మంచిదే కానీ, జబ్బేమిటో తేలకముందే అప్పు చేసి అంత దూరం పోవాల్సిన పని లేదు.

సీటీలో డయాఫ్రమ్ బాగానే ఉందని రావచ్చు. అదే జరగాలని నా కోరిక కూడా. అయినా ఆయాసాన్ని వదిలేయకండి. నలభై దాటిన మగమనిషికి ఎడమ భుజం లాగుతోందంటే ఈసీజీ తీయాల్సిందే, ఇందులో వాదనే లేదు. నాపరాయి పాలిష్ దగ్గర ఏళ్ల తరబడి పని చేసినవారికి రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతినే అవకాశం ఉంది, అదీ చూపించాలి. ఇవేవీ కాకపోతే అప్పుడు గ్యాస్ అనుకుందాం.

ఈలోగా ఒక్కసారిగా ఛాతీలోనో కడుపులోనో భరించలేని నొప్పి వచ్చినా, ఆగకుండా వాంతులైనా, గాలి, విరేచనం పూర్తిగా ఆగిపోయినా, ఊపిరి ఆడకపోయినా, లేదా డొక్కలో ఉబ్బు గట్టిపడి, ఎర్రబడి, పడుకున్నా లోపలికి పోకపోయినా రేపు చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. వాహనం ఎక్కగానే మొదట చెప్పాల్సిన మాట ‘ఇంతకుముందు యాక్సిడెంట్‌లో ఎడమవైపు దెబ్బ తగిలింది’ అని. ఛాతీలోకి పోయి ఉబ్బిన జీర్ణాశయం ఎక్స్‌రేలో ఒక్కోసారి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్టుగానో, నీరు పట్టినట్టుగానో కనిపిస్తుంది. పాత దెబ్బ సంగతి తెలియని డ్యూటీ డాక్టర్ గాలి తీయడానికి ట్యూబు వేస్తే అది జీర్ణాశయంలోనే దిగుతుంది. దెబ్బ సంగతి తెలిసిన డాక్టరైతే ముక్కు గుండా కడుపులోకి రైల్స్ ట్యూబు వేసి ఎక్స్‌రే తీస్తారు. ట్యూబు ఛాతీలో చుట్టుకుని కనిపిస్తే విషయం తేలిపోయినట్టే.

ఇక డొక్కలో ఉబ్బు దగ్గరికొద్దాం. దెబ్బ వల్ల కూడా హెర్నియా రావచ్చు. బరువులెత్తేవారికి గజ్జల్లో వచ్చేది, బొడ్డు దగ్గర వచ్చేది వేరు, అవి పుట్టుకతోనో వయసుతోనో పలచబడ్డ చోట వస్తాయి. ఇది గట్టిగా ఉన్న కండరం చిరిగి వచ్చింది. ఎమర్జెన్సీకి పొట్ట మీద దెబ్బలతో వచ్చేవారిలో వందమందిలో ఒకరికి కూడా కనిపించదు కాబట్టి ఎందరో డాక్టర్లు దీన్ని పుస్తకంలో చదవడమే తప్ప చేత్తో చూసి ఉండరు. ‘కొవ్వు గడ్డ’ అన్న డాక్టర్‌ను అందుకే నేను తప్పుపట్టను. అయితే దగ్గితే పెరిగి, పడుకుంటే మాయమయ్యే గడ్డ కొవ్వు గడ్డ కాదు. ఎవరైనా అందులో సూది గుచ్చి నీరు తీసి చూద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ చర్మం కింద ఉన్నది పేగు కావచ్చు.

సైకిల్, బైకు హ్యాండిల్ వల్ల వచ్చే ఈ రకానికి వైద్య పుస్తకాల్లో ‘హ్యాండిల్‌బార్ హెర్నియా’ అనే పేరుంది, 1980 నుంచి వాడుకలో ఉంది. హ్యాండిల్ చివర చిన్నది. బండి వేగం, మనిషి బరువు అంతా ఆ చిన్న చోటే పడుతుంది. చర్మం సాగే గుణంతో తట్టుకుంటుంది. దాని కింద, డొక్క పక్కన మూడు పొరలుగా ఉండే కండరాలు సాగలేక చిట్లుతాయి. యూరియా బస్తా పైన సంచి బాగానే ఉండి లోపలి కవరు చినిగినట్టు, పైకి కమిలిన గుర్తు తప్ప ఏమీ కనిపించదు. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువ చూస్తాం. సైకిల్ మీంచి పడ్డ పిల్లల పొట్ట మీద గుండ్రటి కమిలిన మచ్చ ఉంటే, పిల్లవాడు ఆడుకుంటున్నా సరే, కనీసం ఒక రాత్రి ఆసుపత్రిలో పెట్టి చూడాలి. కండరంతో పాటు పేగు, క్లోమం కూడా దెబ్బతిని ఉండొచ్చు.

మన సీమలో దీనికి ఇంకో దారి కూడా ఉంది, ఎద్దు కొమ్ము. బండలాగుడు పోటీలప్పుడో, గాటిపాట దగ్గర మేత వేస్తూనో పొడుపు తగిలితే పైన చిన్న గాయం, లోపల జానెడు చిరుగు. పైన రెండు కుట్లు వేసి పంపితే లోపలిది అలాగే మిగిలిపోతుంది. కారు ప్రయాణికుల్లో సీటు బెల్టు పొట్ట మీదికి జారి ఉంటే అదే జరుగుతుంది. బెల్టు తుంటి ఎముకల మీద ఉండాలి, మెత్తటి పొట్ట మీద కాదు. దీన్ని సాకుగా చేసుకుని బెల్టు మానేయకండి, అది కాపాడే ప్రాణాలు ఎక్కువ.

మీ అత్తగారి మాట. పసరు కట్టు వద్దమ్మా. పుత్తూరు కట్టు మీద మన జనానికి ఉన్న నమ్మకం నాకు తెలుసు, కానీ అది కట్టేది ఎముకకు. చిరిగి ఎడంగా జరిగిపోయిన కండరాన్ని ఏ ఆకూ దగ్గరికి లాగలేదు. పైగా పసరు చర్మాన్ని పొక్కిస్తుంది. చర్మం మీద పుండు ఉన్నంతకాలం ఏ సర్జనూ మెష్ పెట్టలేరు, ఆపరేషన్ నెలలు వెనక్కి పోతుంది. బెల్టు అంటారా, ఆపరేషన్ దాకా నడిచేటప్పుడు కాస్త హాయిగా ఉంటుందనుకుంటే పెట్టుకోవచ్చు, అది వైద్యం మాత్రం కాదు. ఒక షరతు. సీటీలో డయాఫ్రమ్ సంగతి తేలేదాకా బిగుతు బెల్టు అసలు వద్దు. పొట్టను బిగిస్తే లోపలివి పైకే తోసుకుపోతాయి.

ఆపరేషన్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే గజ్జల హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న బంధువులు ‘రెండు రోజుల్లో ఇంటికొచ్చాను’ అని చెబుతుంటారు, మీరు అదే అనుకుని వెళ్లకూడదు. దెబ్బ తగిలిన వెంటనే పేగు కూడా చిట్లి ఉంటే అప్పటికప్పుడు పొట్ట తెరిచి, పేగు బాగుచేసి, కండరాన్ని దారంతో కుట్టి వదిలేస్తారు. మురికి చేరిన చోట మెష్ పెడితే చీము పడుతుంది కాబట్టి అప్పుడు సాధారణంగా పెట్టరు. మీ ఆయన విషయంలో నెలలు గడిచాయి. వాపు, గడ్డకట్టిన రక్తం అన్నీ పోయి అంచులు స్పష్టంగా ఉంటాయి, ఇది మేలు. చిరిగిన కండరం అంచులు ముడుచుకుని వెనక్కి పోయి ఉంటాయి, ఇది కష్టం. వాటిని లాగి దారంతో కుడితే బిగుతుకు తెగిపోతాయి. మెష్ అందుకే.

మెష్ అంటే సన్నటి ప్లాస్టిక్ వల, ఎక్కువగా పాలీప్రొపిలిన్‌ది. 1950ల చివరి నుంచి వాడుతున్నారు. దాని కళ్లలోంచి మన కండ పెరిగి అది గోడలో కలిసిపోతుంది. ఇబ్బందులు అసలే రావని అనను. చీము పట్టడం, అక్కడ బిర్రుగా ఉండటం, కొందరికి చాలాకాలం నొప్పి ఉండటం జరుగుతాయి. కానీ ఇంత పెద్ద చిరుగును మెష్ లేకుండా కుడితే మళ్లీ వచ్చే అవకాశం అంతకన్నా ఎక్కువ. మామూలు మెష్ పేగుకు నేరుగా తగలకూడదు, తగిలితే అతుక్కుపోతుంది. కండరానికీ, పేగులను కప్పే పలచటి పొరకూ మధ్య చోటు చేసి అక్కడ పరుస్తారు. కడుపు లోపలే పెట్టాల్సి వస్తే ఒక పక్క పూత ఉన్న ప్రత్యేకమైన మెష్ వాడతారు. చిరుగు అంచులు దాటి చుట్టూ కనీసం 5 సెంటీమీటర్లు అదనంగా ఉండాలి.

డొక్కతో వచ్చిన తంటా ఇక్కడే. పైన పక్కటెముకలు, కింద తుంటి ఎముక, ఆ రెంటి మధ్య చోటు తక్కువ. మెష్‌ను పట్టించి కుట్టడానికి పైన, కింద కండరమే ఉండదు. అందుకే వెనక వెన్ను కండరాల దాకా, ముందు పొట్ట మధ్య దాకా వెడల్పుగా పరచాల్సి వస్తుంది. దెబ్బకు కండరం తుంటి ఎముక అంచు నుంచే ఊడిపోయి ఉంటే ఎముకలోకి చిన్న మరలు దించి వాటి దారాలతో కట్టాలి, ఎముకల డాక్టర్లు భుజానికి వాడే మరల్లాంటివే. ఇది ఎక్కువగా సీటు బెల్టు కేసుల్లో చూస్తాం, అయినా మీ సీటీలో ఆ అంచు కూడా చూడమని అడగండి. కోసి చేయాలా, గొట్టాలతోనా అన్నది సర్జన్ చేయి దేనికి అలవాటు పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. నా వరకు నేను, డొక్క హెర్నియాలు అరుదుగా చేసే చోట గొట్టాలతో చేయించుకోవడం కంటే తరచూ చేసే చోట కోసి చేయించుకోవడమే మేలంటాను.

ఇంకొకటి ముందే తెలియాలి. ఆ కండరాలకు పోయే నరాలు పక్కటెముకల కింది నుంచి డొక్క మీదుగానే వస్తాయి. దెబ్బకు అవి కూడా నలిగి ఉంటే, ఆపరేషన్ ఎంత బాగా చేసినా ఆ పక్క కండరం చచ్చుబడి కాస్త ఉబ్బుగానే కనిపిస్తుంది. అది హెర్నియా మళ్లీ రావడం కాదు, అందులో పేగు ఉండదు. ఈ మాట ముందు చెప్పకపోతే తర్వాత అద్దంలో చూసుకుని ‘ఆపరేషన్ ఫెయిలయింది’ అని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు.

డయాఫ్రమ్ కూడా చిరిగిందని తేలితే వరస మారుతుంది. ముందు బాగుచేయాల్సింది అదే. దెబ్బ కొత్తగా ఉన్నప్పుడు కడుపు వైపు నుంచి చేస్తారు. ఇన్ని నెలలయ్యాక పైకి పోయిన అవయవాలు ఊపిరితిత్తికి అతుక్కుని ఉండొచ్చు కాబట్టి ఛాతీ వైపు నుంచి వెళ్లాల్సి రావచ్చు, అందుకే ఛాతీ సర్జన్ ఉన్న చోటు కావాలన్నాను. అవయవాలను కిందికి దించి, కన్నాన్ని కరగని గట్టి దారంతో కుడతారు. పెద్దదైతే అక్కడా మెష్ కావాలి. డొక్కది కూడా అదే రోజు చేస్తారా అంటే అది అక్కడి బృందం తేల్చాలి. ఛాతీ నుంచి దించినవాటికి పొట్టలో చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడే గోడను కూడా బిగించేస్తే ఊపిరి మీద భారం పడుతుంది. రెండు విడతలుగా చేద్దామంటే డబ్బు కోసం లాగుతున్నారనుకోకండి.

ఆపరేషన్‌కు ముందు మీ చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి. బీడీ, సిగరెట్ ఉంటే కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగ తాగేవారికి కుట్లు మానడం ఆలస్యమవుతుంది, ఆపరేషన్ తర్వాత వచ్చే దగ్గు కొత్త కుట్లను లాగేస్తుంది. షుగర్ ఉందేమో చూపించండి, ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 8 కంటే కిందికి వచ్చాకే మెష్ మంచిది. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. మూడు బంతులుండే ఊపిరి పరికరం ఇస్తారు, దాన్ని ఆపరేషన్ అయ్యాక కాదు, ఇప్పటి నుంచే అలవాటు చేయించండి. దాన్ని ఊదకూడదు, పీల్చాలి. చాలామంది బుడగ ఊదినట్టు ఊదుతుంటారు.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ అసలు దిగులు అదేనని తెలుసు. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద మీ రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రి కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. ‘హెర్నియా’ అని మాత్రమే చెబితే గజ్జల హెర్నియా లెక్కలోకి వేస్తారు. సర్జన్ రాసిన పూర్తి పేరు, సీటీ రిపోర్టు చూపించి, ఆ ఆపరేషన్‌కు ఆ ఆసుపత్రిలో అనుమతి ఉందా, మెష్ ఖర్చు అందులో కలిసి ఉందా అని అడగండి. మీ ఆయనకు ఈఎస్ఐ కోత పడుతుంటే ఆ కార్డు కూడా పట్టుకెళ్లండి. యాక్సిడెంట్ రోజు ఇచ్చిన డిశ్చార్జి కాగితం, పాత ఎక్స్‌రేలు పారేయకండి. ఇప్పటి హెర్నియాకు ఆ దెబ్బే కారణమని చూపించే ఆధారం అవే.

పని గురించి చివరి ప్రశ్న. పోగలరు, కాకపోతే వెంటనే కాదు, బహుశా పాత పనికీ కాదు. మొదటి ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తడం కూడా వద్దు, నడక మాత్రం రెండో రోజు నుంచే మొదలుపెట్టాలి. మంచం మీదే పడి ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. మూడు నెలల దాకా బరువైన పని లేదు. బైకు ఎప్పుడు ఎక్కాలో సర్జన్ చెప్పేదాకా, వెనక సీటు మీద కూడా ఎర్రగుంట్ల రోడ్ల గుంతల్లో తిప్పకండి. ఆ తర్వాత కూడా నాపరాళ్లను నడుం తిప్పి ఒక పక్కకు దించే పని డొక్క కండరాల మీదే పడుతుంది. ఓనరుతో ఆపరేషన్ అయ్యాక కాకుండా ఇప్పుడే మాట్లాడి, బండలు ఎత్తే చోటు నుంచి పాలిష్ మిషన్ నడిపే చోటికో, లెక్క రాసే చోటికో మార్చమని అడగండి. డాక్టర్ దగ్గర ‘బరువులు ఎత్తరాదు’ అని ఎన్ని నెలలో అంకెతో రాయించి తీసుకుంటే ఆ మాటకు బలం ఉంటుంది.